కాగితపు గొట్టం: బాణసంచా నిర్మాణం, చరిత్ర, శ్రమ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బాణసంచాపై జరిగిన చర్చలు ఎక్కువగా మందు చుట్టూ తిరుగుతాయి. ఆ మందును తనలో నిలుపుకొనే కాగితపు గొట్టం అంతగా పరిశీలనకు రాలేదు. చేత్తో చుట్టిన గొట్టానికి బలం ఎక్కడి నుంచి వస్తుందో, చరిత్రలో దాని స్థానమేమిటో, దానిని చుట్టే శ్రమను చట్టం ఎలా చూసిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బాణసంచా, కాగితపు గొట్టం, పరిధీయ ప్రతిబలం, గృహశ్రమ, బాలకార్మిక చట్టం.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట దీపావళికి ఇళ్లలోనే మతాబులు, సిసింద్రీలు, చిచ్చుబుడ్లు కట్టుకొనే వాడుక ఉండేది. వీటిలో గొట్టం చేసే పని ఒక్కో రకానికి ఒక్కో తీరుగా ఉంటుంది. మతాబులో గొట్టం మందుతోపాటే కాలిపోవాలి. అందువల్ల పలుచని కాగితం చాలు. సిసింద్రీ, తారాజువ్వలలో వాయువు ఒక కొస నుంచి మాత్రమే వెలువడాలి. మందు అయిపోయేవరకు గొట్టం చీలకూడదు. టపాకాయలో గొట్టం క్షణకాలం నిగ్రహించి, ఆ తరువాత పగలాలి. చిచ్చుబుడ్డి పేరులోని ‘బుడ్డి’ చిన్న మట్టిపాత్రను సూచిస్తుంది. అక్కడ కాగితం చేయవలసిన పనిని మట్టి చేసింది. కాబట్టి ‘గట్టి గొట్టం’ అన్న మాటకు ఒకే అర్థం లేదు.

2. వెదురు నుంచి కాగితానికి:

చైనా భాషలో టపాకాయకు నేటికీ వాడుకలో ఉన్న ‘బావోజూ’ అన్న మాటకు ‘పేలే వెదురు’ అని అర్థం. నిప్పులో వేసిన పచ్చివెదురు, కణుపుల మధ్య చిక్కిన గాలి, ఆవిరి వ్యాకోచించడంతో చప్పుడు చేస్తూ పగులుతుంది. తరువాతి కాలంలో మందు కూరిన కాగితపు గొట్టాలు వచ్చినా పాత పేరు నిలిచిపోయింది.

గొట్టం నిర్మాణాన్ని స్పష్టంగా తెలిపే ఆధారం 1344లో పూర్తయిన జిన్ రాజవంశ చరిత్రలో ఉంది. 1233 నాటి యుద్ధ సందర్భంలో ‘అగ్నిశూలం’ అనే ఆయుధాన్ని అది వర్ణిస్తుంది. పసుపుపచ్చని కాగితాన్ని 16 పొరలుగా చుట్టి, సుమారు 2 చైనా అడుగుల పొడవున గొట్టం చేసి, దానిని ఈటెకు కట్టేవారు. మందు పూర్తిగా కాలిన తరువాత కూడా గొట్టం చెడలేదని ఆ చరిత్ర నమోదు చేసింది. పొరల కాగితం నిప్పునూ పీడనాన్నీ తట్టుకోగలదన్న అనుభవజ్ఞానం అప్పటికే స్థిరపడిందనడానికి ఇది నిదర్శనం.

భారతదేశంలో 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవాలలోని బాణసంచాను ప్రస్తావించాడు. కళింగంతోపాటు తీరాంధ్రాన్నీ కొంతకాలం ఏలిన గజపతి ప్రతాపరుద్రదేవుని పేర ఉన్న సంస్కృత గ్రంథం ‘కౌతుకచింతామణి’ బాణసంచా సామగ్రిని పేర్కొంటుంది. భారతీయ బాణసంచా చరిత్రపై పి.కె. గోడే రాసిన అధ్యయనం ఈ గ్రంథాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆ సామగ్రిలో బోలు వెదురుముక్క కూడా ఉంది. అంటే ఇక్కడ గొట్టానికి వెదురు ఒక ఆధారంగా ఉండేది.

3. బలానికి మూలం:

రెండు కొసలూ మూసిన పలుచని స్థూపాకార పాత్రలో పీడనం పెరిగినప్పుడు గోడలో రెండు రకాల ప్రతిబలాలు ఏర్పడతాయి. చుట్టుకొలత వెంట ఉండేది పరిధీయ ప్రతిబలం. పొడవు వెంట ఉండేది అక్షీయ ప్రతిబలం. మొదటిది రెండవదానికి రెట్టింపు. అందుకే గొట్టం అడ్డంగా తెగడం కన్నా నిలువునా చీలడమే ఎక్కువ. పరిధీయ ప్రతిబలం పీడనానికీ వ్యాసార్ధానికీ అనులోమంగాను, గోడ మందానికి విలోమంగాను మారుతుంది. అదే మందంగల గోడతో గొట్టాన్ని రెట్టింపు వెడల్పు చేస్తే గోడపై భారం కూడా రెట్టింపవుతుంది.

యంత్రంపై తయారైన కాగితంలో పోగులు ఎక్కువగా యంత్రం నడిచిన దిశలో అమరుతాయి. లాగుడును కాగితం ఆ దిశలోనే ఎక్కువగా తట్టుకుంటుంది. అందువల్ల ఒకే కాగితం చుట్టిన దిశను బట్టి వేరువేరు ఫలితాలనిస్తుంది. పొరలకు, పొరలకు మధ్య జిగురు సమంగా పట్టినప్పుడే అవన్నీ ఒకే గోడగా పనిచేస్తాయి. గాలి బుడగ మిగిలినచోట గోడ విడిపోయి బలహీనపడుతుంది. తడి కాగితం తన బలాన్ని చాలావరకు కోల్పోతుంది కనుక నెమ్మదిగా ఆరబెట్టడం కూడా నిర్మాణంలో భాగమే.

పగిలినప్పుడు కాగితం తేలికైన పేలికలవుతుంది. లోహమైతే పదునైన ముక్కలై దూరానికి చిమ్ముతుంది. అయినా గట్టి గొట్టం క్షేమానికి హామీ కాదు. వాయువుకు దారి మూసుకుపోతే, గోడ ఎంత గట్టిదైతే అంత ఎక్కువ పీడనం పోగుపడి, పేలుడు అంత తీవ్రమవుతుంది. ఇళ్లలో కట్టే బాణసంచాలోని ప్రధాన ప్రమాదం ఇక్కడే ఉంది.

4. చట్టం, శ్రమ:

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం బాణసంచాను పేలుడు పదార్థంగానే పరిగణిస్తుంది. దానిని తయారుచేయడానికి లైసెన్సు అవసరం. ఖాళీ గొట్టం మాత్రం కాగితమే. ఈ భేదమే శ్రమ విభజనకు ఆధారమైంది. తమిళనాడులోని శివకాశి ప్రాంతంలో మందు కూరడం కర్మాగారంలో జరిగితే, గొట్టాలు చుట్టడం లెక్కకింత కూలికి ఇళ్లకు చేరింది.

1986 నాటి బాలకార్మిక చట్టం అగ్గిపెట్టెలు, పేలుడు పదార్థాలు, బాణసంచా తయారీలో పిల్లలను నియమించడాన్ని నిషేధించింది. అయితే యజమాని తన కుటుంబసభ్యుల సహాయంతో నడిపే పనిశాలను ఆ నిషేధం నుంచి మినహాయించింది. శివకాశి పిల్లల విషయమై ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, చట్టవిరుద్ధంగా పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. కర్మాగారంలోని బిడ్డ లెక్కకు వచ్చాడు. ఇంటి వసారాలో తల్లి పక్కన కూర్చొని కాగితం చుట్టే బిడ్డను లెక్కలోకి తేవడం కష్టమైంది. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల నియామకాన్ని అన్ని వృత్తులలోనూ నిషేధించి, కుటుంబ సహాయాన్ని ప్రమాదకరం కాని పనులకే, అదీ బడివేళలు కాని సమయానికే పరిమితం చేసింది. అప్పుడు తేలవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది: ఖాళీ గొట్టం చుట్టడం కాగితపు పనియా, బాణసంచా పనియా?

5. ముగింపు:

• గొట్టం మందుకు తొడుగు మాత్రమే కాదు. కాలడం, ఎగరడం, పేలడం అనే భేదాలను నిర్ణయించడంలో దానికీ పాత్ర ఉంది.

• 16 పొరల గొట్టాన్ని చుట్టిన చేతులకు సూత్రం తెలియకపోయినా, పొరలు పెరిగితే గోడ నిలుస్తుందన్న ఫలితం తెలుసు.

• గొట్టాన్ని మందు నుంచి వేరుచేసి చూడడం వల్ల ఒక శ్రమ చాలాకాలం చట్టం దృష్టికి ఆవల ఉండిపోయింది. బాణసంచా చరిత్ర సమగ్రం కావాలంటే మందు నూరిన చేతులతోపాటు కాగితం చుట్టిన చేతులనూ లెక్కించవలసి ఉంటుంది.