నీళ్లు తగిలితే పుట్టే గ్యాసు

గ్యాసు అనగానే మనకు వంటింట్లో సిలిండరే గుర్తొస్తుంది. కానీ రెండు వస్తువులు కలిస్తే చాలు, నిప్పుతో పని లేకుండా పుట్టే గ్యాసులూ ఉన్నాయి. వంటసోడా మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగుతుంది చూడండి, అదీ గ్యాసే. ఇవాళ చెప్పబోయే కార్బైడు మాత్రం అంత సాధువు కాదు.

ఇది బూడిదరంగు రాయిలా ఉంటుంది. నీళ్లు తగిలితే ఎసిటిలీన్ అనే గ్యాసు వచ్చి, అడుగున సున్నం మిగులుతుంది. వెనకటి కార్బైడు దీపాలు ఇలా వెలిగినవే. పై అరలోని నీళ్లు చుక్కచుక్కగా కింది అరలోని రాళ్ల మీద పడేవి. పుట్టిన గ్యాసు సన్నని ముక్కులోంచి వచ్చి తెల్లగా మండేది. దీన్నే ఆక్సిజన్‌తో కలిపి మండిస్తే మూడువేల డిగ్రీలు దాటిన వేడి వస్తుంది. వెల్డింగువారు దాంతో ఇనుము అతుకుతారు.

చిక్కల్లా ఆ రాయి పళ్లబుట్టలోకి రావడంతోనే. కాయల చెమ్మకే గ్యాసు పుట్టి తొక్క రంగు తిరుగుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పైగా ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలుంటాయి. అందుకే 2011 ఆహార భద్రతా నిబంధనలు దీనితో పళ్లు ముగ్గవేయడాన్ని నిషేధించాయి.

మరి కాయ తనంతట తాను ఎలా ముగ్గుతుందంటారా? అది వదిలే ఇథిలీన్ వల్ల. మా మామిడికుదురు వైపు మామిడికాయల్ని గడ్డిలో వేసే కిటుకు ఇదేనండీ, ఆ గ్యాసు అక్కడే నిలుస్తుంది. పట్నాల్లో ముగ్గవేసే గదులకు ఆల్కహాలు నుంచి ఇథిలీన్ తీసే యంత్రాలున్నాయి. పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండా దాన్ని వాడేందుకు 2016లో అనుమతి వచ్చింది.

మీరు పచ్చికాయలే కొని, కాగితపు సంచిలో ఒక ముగ్గిన అరటిపండుతో కలిపి ఉంచండి. ఒంటినిండా ఒకే రంగు ఉండి, వాసన లేని పండును అనుమానించండి. బుట్టలో కార్బైడు పొట్లం కనిపిస్తే తడపకండి, తూములో పారెయ్యకండి. పొయ్యికీ, పిల్లలకూ దూరంగా పొడిగా ఉంచి, అమ్మినవాడికే తిరిగి ఇచ్చెయ్యండి.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో గొట్టాల్లో కార్బైడు, నీళ్లు పోసి పేల్చే ఆటలో ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. గ్యాసు ఏదైనా అజాగ్రత్త పనికిరాదు. మా మండలంలోనే నగరం గ్రామంలో 2014 జూన్ 27న గెయిల్ గొట్టం నుంచి కారిన గ్యాసు అంటుకొని ఇరవై మందికి పైగా పోయారు. అందుచేత ఈ పండక్కి ఆ గొట్టం తుపాకీ మీ ఇంటి గడప తొక్కనివ్వకండి.