మస్కట్ కోటలో చర్చి

పిల్లలూ! మస్కట్ ఒమాన్ దేశపు రాజధాని. వెనుక రాతికొండలు, ముందు సముద్రం. 1507లో పోర్చుగీసువారు ఓడలపై వచ్చి ఆ ఊరిని తగలబెట్టి, వశం చేసుకొన్నారు. 1580లలో రేవుకు ఇరువైపులా జలాలీ, మీరానీ కోటలు కట్టారు. మీరానీ కోటలో ఒక చిన్న చర్చి కూడా ఉండేది. చుట్టూ మందమైన గోడలు, ఫిరంగులు, మధ్యలో ప్రార్థన! చిత్రంగా లేదూ?

1650లో ఒమానీలు పోర్చుగీసువారిని వెళ్ళగొట్టారు. ప్రార్థనలు ఆగిపోయాయి. మాట మాత్రం మిగిలింది. పోర్చుగీసులో చర్చిని 'ఇగ్రేజా' అంటారు. పాత మస్కట్‌లో ఒక పెద్ద ఇంటికి 'బైత్ గ్రేజా' అని పేరు. అరబ్బీలో 'బైత్' అంటే ఇల్లు. మనం క్రియోల్‌లో చర్చిని 'లెగ్లీజ్' అంటాము కదా! అదీ ఇదీ ఒక తల్లి బిడ్డలే. తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో ఆ పోర్చుగీసు మాటే 'గెరెజా' అయింది. అక్కడ దాని అర్థం చెరసాల!