బొర్రా గుహలోకి వెళ్లి రావచ్చు, వదిలేసిన గనిలోకి ఎందుకు వద్దంటారు?

మాడుగుల చుట్టుపక్కల కుర్రాళ్లు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న ఇది. బొర్రా గుహల్లోకి ఏటా లక్షల మంది దిగి, ఫొటోలు దిగి, నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. మరి కొండ మీద ఎవరో తవ్వి వదిలేసిన సొరంగంలోకి టార్చిలైటు పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఏమవుతుంది? ఫోన్లో చూస్తే ప్రపంచమంతా పాత గనుల్లో తిరిగేవాళ్ల వీడియోలే. కేజీఎఫ్ సినిమాలు వచ్చాక ఆ సరదా మరీ పెరిగింది. అడగడంలో తప్పులేదు. ‘వద్దు’ అని ఊరుకుంటే ఎవరూ వినరు కాబట్టి, కారణాలు చెప్పుకోవాలి.

ముందు ఇక్కడి సంగతి. గరికబంద దాటి పాడేరు ఘాట్ ఎక్కుతుంటే, రోడ్డు కోసం కొండను కోసిన చోటల్లా ఎర్రగా, తుప్పు పట్టినట్టు ఒక రాయి కనిపిస్తుంది. అది ఖోండలైట్. దగ్గరికెళ్లి చూస్తే అందులో గింజల్లా గోమేదికాలు ఉంటాయి, మధ్యమధ్య తెల్లటి సుద్దలాంటి మెత్తని పదార్థం ఉంటుంది. ఒకప్పుడు ఆ తెల్లటిది కూడా గట్టి ఖనిజమే. వేల ఏళ్ల వానలకు కుళ్లి బంకమట్టి అయింది. ఎండాకాలంలో గోటితో గీస్తే పొడి రాలుతుంది. వానాకాలంలో అదే చోట వేలు దిగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

ఇదే కొండల వరసలో, నర్సీపట్నం అవతల గొలుగొండ మండలం కరక పేరు చెబితే జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది రంగురాళ్లు. పైన చింతపల్లి, గూడెంకొత్తవీధి వైపూ అదే కథ. అక్కడ దొరికేవి ముఖ్యంగా క్రిసోబెరిల్ జాతి రాళ్లు. పిల్లికన్నులా మెరిసే వైడూర్యం ఒకటి. పగటి వెలుగులో పచ్చగా, దీపం కింద ఎర్రగా కనిపించే అలెగ్జాండ్రైట్ మరొకటి. రాతిని చీల్చుకుంటూ పోయిన పెగ్మటైట్ అనే తెల్లటి చారల్లో ఇవి పుడతాయి. చార ఎటు పోతే తవ్వేవాళ్లూ అటే పోతారు. నిలువుగా ఒక గొయ్యి, అడుగుకు చేరాక అడ్డంగా ఒక బొరియ. మనిషి పాకేంత వెడల్పు చాలు, ఎందుకంటే కావలసింది రాయి, దారి కాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా సాగే పని కనుక రాత్రిపూట, గునపంతో, హడావుడిగా తవ్వుతారు. పైకప్పుకు దుంగలు కొట్టే తీరిక ఎవరికీ ఉండదు. పెళ్లలు విరిగిపడి మనుషులు పోయారన్న వార్త కరక వైపు నుంచి ఏళ్లుగా వస్తూనే ఉంది. పోలీసులో అటవీ సిబ్బందో వస్తున్నారంటే గొయ్యిని అలాగే వదిలేసి పారిపోతారు. మన ప్రాంతంలో ‘పాడుబడ్డ గని’ అంటే చాలామటుకు ఇదే.

బొర్రాకూ దీనికీ తేడా ఏమిటి? బొర్రా గుహను తొలిచింది నీరు. లక్షల ఏళ్లు తీరిగ్గా సున్నపురాతిని కరిగించింది. ఊడిపడాల్సిన బండలు చాలామటుకు ఎప్పుడో ఊడిపడిపోయాయి. నిలిచింది నిలవగలిగిందే. పైగా నోరు విశాలం, కప్పులో కన్నం. కన్నంలోంచి ఆవు జారిపడిందని స్థలపురాణంలో చెబుతారే, గాలి ఆడటానికి ఆ కన్నమూ ఒక దారి. గని అలా కాదు. నిన్నటిదాకా కొండ బరువు మోసిన రాతిని మనిషి తీసేశాడు. ఆ బరువు చుట్టూ ఉన్న రాతి మీదికి మళ్లింది. అది ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. పదేళ్ల తర్వాతైనా సర్దుకోవచ్చు, మీరు కింద నిలబడ్డ క్షణంలోనైనా సర్దుకోవచ్చు.

నడుస్తున్న గనిలో ఈ సర్దుబాటును మనుషులు కనిపెట్టుకుని ఉంటారు. సింగరేణి బొగ్గుబాయిలో షిఫ్టు మొదలవగానే పైకప్పును కడ్డీతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగా మోగితే పై పొర విడిపోయిందని లెక్క. దాన్ని దించేయాలి, లేదా కింద ఊతం పెట్టాలి. పెద్ద ఫ్యాన్లు రాత్రింబవళ్లు గాలి తోలుతుంటాయి, పంపులు నీళ్లు తోడుతుంటాయి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. గని అంటే తవ్విన కన్నం ఒక్కటే కాదు, దాన్ని నిలబెట్టడానికి రోజూ చేసే పని. ఆ పని ఆగిన రోజే అది గని కాకుండా పోయింది. కోలారులో అదే జరిగింది. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పంపులు ఆగాక కింది అంతస్తులు నీట మునిగాయి.

కప్పు కూలడం కంటికి కనిపించే భయం. అంతకంటే దొంగది గాలి.

మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. గనుల్లో అది 19 శాతానికి తగ్గకూడదని మన నిబంధనలు చెబుతాయి. వదిలేసిన సొరంగంలో తగ్గడానికి ఎవరూ ఊపిరి పీల్చనక్కర్లేదు. కుళ్లుతున్న ఆకులూ దుంగలూ ఆక్సిజన్ తినేస్తాయి. గంధకం ఉన్న రాళ్లు తుప్పు పట్టడానికీ అదే కావాలి. బదులుగా పేరుకునే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, గొయ్యి అడుగున నీళ్లలా నిలుస్తుంది.

‘ఊపిరాడకపోతే తెలుస్తుంది కదండీ, వెనక్కి వచ్చేస్తాం’ అంటారు. తెలియదు, అదే చిక్కు. ఊపిరి బిగపట్టినప్పుడు గుండెల్లో పుట్టే ఆరాటం ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. చుట్టూ గాలిలో ఆక్సిజన్ మాత్రమే తగ్గి నైట్రోజన్ మిగిలితే, లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను మీరు మామూలుగానే వదిలేస్తుంటారు, ఆరాటం పుట్టదు. కాస్త తల తేలిపోయినట్టు ఉంటుంది, కొందరికి హుషారుగా కూడా ఉంటుంది. పది శాతం కిందికి పోయిన చోట మనిషి హెచ్చరిక లేకుండా కుప్పకూలుతాడు. వెనక్కి రావాలని ఆలోచించాల్సిన మెదడే ముందు మొద్దుబారుతుంది.

మన పల్లెల్లో నూతిలోకి దిగే ముందు దీపం దించి చూసే అలవాటు ఉంది. మంచి అలవాటే, దాని హద్దు తెలియాలి. ఆక్సిజన్ పదహారు, పదిహేడు శాతానికి తగ్గితే దీపం కొండెక్కుతుంది. ఆరితే దిగకూడదు, అందులో సందేహం లేదు. ఆరకపోతే దిగవచ్చా? అది మాత్రం దీపం చెప్పలేదు. గొయ్యి అంచున డీజిల్ పంపో జనరేటరో నడిచి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి దిగుతుంది. అది ప్రాణం తీసేటంత ఉన్నా దీపం చక్కగా వెలుగుతుంది, వాసనా ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్ల వాసన ఉంది గానీ, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. ఇక బొగ్గు గనిలోనైతే మీథేన్ భయం. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు వెలుగుతున్న దీపమే పేలుడుకు నిప్పు. పైగా నిన్న బాగున్న గాలి ఇవాళ బాగుండాలని లేదు. తుపాను ముందు వాతావరణ పీడనం పడిపోతే లోపలి మూలల్లో దాగిన చెడుగాలి బయటి దారుల్లోకి వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టే ఈ తీరంలో ఆ మాట పుస్తకాల్లో ఉండిపోయేది కాదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మన మంచితనం. నూతిలో ఒకడు పడిపోతాడు. తీయడానికి తమ్ముడు దిగుతాడు, అతని కోసం పక్కింటాయన. ఒకే నూతిలో ముగ్గురు, నలుగురు పోయిన వార్తలు ఏ వేసవిలోనైనా చదువుతాం. మొదటివాణ్ని చంపిన గాలి అక్కడే ఉందన్న సంగతి ఆ తొందరలో ఎవరికి తోస్తుంది? అందుకే గనుల రెస్క్యూ వాళ్లు వీపున ఆక్సిజన్ పరికరం లేకుండా, బయట మంచి గాలిలో ఇంకో జట్టు సిద్ధంగా లేకుండా అడుగు పెట్టరు.

నీటి సంగతి చెప్పకపోతే సగం చెప్పినట్టే. పాత సొరంగంలో చీలమండ లోతు కనిపించే మడుగు కింద నిలువు గొయ్యి ఉండవచ్చు. మట్టి తేరుకున్న నీటి పైభాగం నేలలాగే కనిపిస్తుంది. గొయ్యి మీద ఎప్పుడో పరిచిన చెక్కలు పుచ్చిపోయి, పైన మట్టి కప్పి, నమ్మదగిన దారిలా ఉంటాయి. ఇవి లోపలికి వెళ్లినవాళ్లకు. వదిలేసిన గనిలో నిండిన నీరు, పక్కన పని చేసేవాళ్లనూ వదలదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో పాత పనుల్లో నిలిచిన నీరు ఒక్కసారిగా తోసుకొచ్చి 17 మంది కార్మికులను బలి తీసుకుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో అదే తీరున 370 మందికి పైగా పోయారు. నీళ్లు నిండిన పాత పనులకు 60 మీటర్ల లోపు ప్రత్యేక అనుమతి లేకుండా తవ్వకూడదని నిబంధన ఉంది. మ్యాపులు, సర్వేయర్లు, డ్రిల్లింగు యంత్రాలు ఉన్నవాళ్లే పాత గని అంటే అంత దూరం జరుగుతారు.

‘ఏమైనా అయితే ఎవరో ఒకరు వచ్చి తీస్తారులే’ అనుకునేవారికి శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం సంగతి చెప్పాలి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఆ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. అది ప్రభుత్వం తవ్విస్తున్న సొరంగం. ప్లాను ఉంది, లోపలికి రైలు పట్టాలున్నాయి, లోపల ఎవరున్నారో తెలుసు. సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ దళాలు వారాల తరబడి బురదతో పోరాడినా ఎవరినీ ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. కరక కొండ మీది గోతికి ప్లాను ఎక్కడుంది? దాన్ని తవ్వినవాడే తవ్వానని ఒప్పుకోడు.

మట్టి కింద చిక్కినవాడికి ఎంతసేపు ఉంటుందో కూడా చెప్పాలి. ఘనమీటరు తడి మట్టి దాదాపు రెండు టన్నులు. ఛాతీ వరకు కూరుకుపోతే తల బయటే ఉన్నా లాభం తక్కువ. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఛాతీ కుదించుకున్న జాగాలోకి మట్టి సర్దుకుంటుంది, మళ్లీ పీల్చడానికి చోటివ్వదు. గంటలు కాదు, నిమిషాల లెక్క.

ఎలుగుబంట్లు, పాములు, గబ్బిలాలు, పేలకుండా మిగిలిన డిటొనేటర్లు ఉంటాయి. వాటిని అడక్కుండానే అందరూ ఊహిస్తారు.

ఇక అడవిలో పశువులు తోలుకెళ్లేవాళ్లకూ, జలపాతాల కోసం కొండెక్కేవాళ్లకూ అసలు అక్కరకొచ్చే ప్రశ్న: అలాంటి గొయ్యి కనిపిస్తే ఏం చేయాలి? అంచుకు వెళ్లి తొంగిచూడకూడదు. కుళ్లిన ఖోండలైట్‌లో గొయ్యి నోరు లోపలివైపు తినేసి ఉంటుంది, పైన గడ్డి వేళ్లే పట్టి నిలుపుతుంటాయి. కొమ్మలు కప్పి ‘మూసేశాం’ అనుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. గొయ్యి పోదు, కనిపించకుండా మాత్రం పోతుంది. కాస్త దూరంలో చెట్టుకు గుడ్డో ప్లాస్టిక్ సంచో కట్టి గుర్తు పెట్టి, అటవీ బీటు ఆఫీసరుకో సచివాలయంలోనో చెప్పాలి. మనిషి పడితే 112కు ఫోన్ చేయాలి. గొయ్యి ఎక్కడుందో, వాడు మాట్లాడుతున్నాడో లేదో చెప్పాలి. పంపు నడుస్తుంటే ఆపేయాలి. పలికేటట్టయితే అంచుకు దూరంగా నిలబడి తాడు విసరవచ్చు. పలకకపోతే మాత్రం ఎవరూ దిగకూడదు, దిగుతానని పంతం పట్టేవాణ్ని ఇద్దరు పట్టుకుని ఆపాలి.

గొయ్యిని నిజంగా మూయడమంటే అడుగు నుంచి పెద్ద రాళ్లు, ఆపైన చిన్న రాళ్లు, మీద బంకమట్టి దిమ్మిస కొట్టి, చుట్టూ నేలకంటే ఎత్తుగా గుట్ట కట్టడం. మట్టి దిగబడుతుంది కనుక రెండు మూడు వానాకాలాలు గడిచాక మళ్లీ వెళ్లి గుట్ట పెంచాలి. గోతులు ఇన్నని ఎవరూ లెక్కపెట్టని అడవిలో ఆ పని ఇప్పట్లో పూర్తికాదు.