తెల్లవార్లూ పాట.. మాట

* గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం
* పుట్టిల్లు జలంత్ర.. మెట్టినిల్లు బరంపురం పరిసరాలు

బరంపురం: రాత్రి భోజనాలు ముగించుకుని, చాపలు చంకన పెట్టుకుని ఊరు ఊరంతా నడివీధికి చేరుతుంది. హార్మోనియం శ్రుతి పలుకుతుంది. మద్దెల, తాళాలు అందుకుంటాయి. అది మొదలు తెల్లారేదాకా పాట వెంట మాట, మాట వెంట పాట. ఒడిశాలోని గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఆడే తీరిది. ఒడియా వారి కళగా పేరుపడ్డ ఈ నాటకానికి పుట్టిల్లు మాత్రం సరిహద్దుకు ఇవతల, శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది.

రాజు పేరు.. కవి కలం

19వ శతాబ్దంలో జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఈ నాటకం వచ్చింది. అసలు రచయిత ఆయన ఆస్థాన కవి గోపీనాథ పరిఛా అని చెప్పేవారూ ఉన్నారు. ఆ జలంత్రకోట ఇప్పుడు కంచిలి మండలంలో ఉంది. అప్పట్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లానే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడడంతో నడుమ గీత పడింది. కోట ఒకవైపు, ఆట ఎక్కువగా మరోవైపు ఉండిపోయాయి.

నాటకంలో వందకు పైగా పాటలున్నాయి. భాష ఒడియా, సంస్కృతం కలగలుపు. నడిపించేది గాహకుడు. పాట ఎత్తుకునేదీ, కథ చెప్పేదీ, పాత్రలతో మాట కలిపేదీ ఆయనే. పాటలో వచ్చిన భావాన్ని వెంటనే మాటల్లో విప్పి చెప్పడంతో చదువురాని వారికీ కథ అందుతుంది. ఆడ వేషాలూ మగవాళ్లే కడతారు. నడుమ ద్వారపాలకుడు, పాములవాడు వచ్చి నవ్విస్తారు.

మెట్ల మీద సింహాసనం

రంగస్థలమే ఓ వింత. ఐదు నుంచి ఏడు మెట్ల చెక్క వేదిక కడతారు. పైమెట్టున హిరణ్యకశిపుడి సింహాసనం. కోపం వచ్చిందంటే పాడుతూ, గెంతుతూ ఆ మెట్లన్నీ దిగి జనం మధ్యకు వచ్చేస్తాడు. పెద్ద వయసు నటులు సైతం ఆ మెట్లు దూకుతుంటే చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. ఈ నాటక కళాకారుడు సీమాంచల్ పాత్రోకు 1990లో పద్మశ్రీ దక్కింది.

నరసింహుడి ముఖాన్ని దేవుడిగా పూజిస్తారు. అది తొడుక్కున్న మనిషికి పూనకం వస్తుంది. నలుగురూ పట్టుకుని ఆపాల్సిందే. తంజావూరు దగ్గర మేలట్టూరు భాగవత మేళాలోనూ ఇదే ఆచారం. అక్కడ ఆడేది వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రం. తెలుగులో తొలి టాకీ కూడా 'భక్త ప్రహ్లాద'నే.

కుర్రాళ్లు సూరత్‌లో..

ఈ ఆట పుస్తకం చదివితే వచ్చేది కాదు. గురువు ముందు కూర్చుని, పొలం పనులయ్యాక రాత్రుళ్లు పాట పట్టుకోవాలి. గొంతుతో పాటు కాళ్లూ పలకాలి. అందుకు కుర్రాళ్లు ఊళ్లో ఉండాలి. గంజాం యువకులు వేల సంఖ్యలో సూరత్ మరమగ్గాలకు పోతున్నారు. పండక్కో, జాతరకో వచ్చి పది రోజుల్లో తిరిగెళ్లే వాడికి వంద పాటలు నేర్పేదెప్పుడు?

పట్నం ఉత్సవాల్లో వేదిక దొరికినా ఇచ్చేది గంటో రెండు గంటలో. కోత పడేది ముందుగా గాహకుడి మాటలకే. హిరణ్యకశిపుడి గెంతులు, నరసింహుడి పూనకం మిగులుతాయి. పాటకూ పాటకూ నడుమ ఊరి జనంతో ముచ్చటించే గొంతు పోతుంది. ఇచ్ఛాపురం దాటితే గంట ప్రయాణంలోపే బరంపురం. భాష రాదనుకునే తెలుగువారికీ కథ కొత్తది కాదు. జాతర రోజుల్లో ఒక్క రాత్రి మేలుకుంటే చాలు, జలంత్రలో పుట్టిన పాట నిండుగా వినొచ్చు.