జబ్బుపడిన కుక్కపిల్ల నెత్తురులో కార్టిసాల్

కుక్కపిల్లకు పార్వో వ్యాధి సోకినప్పుడు ఇంటివారికి కనబడునవి వాంతులు, నెత్తురు విరేచనములు, ఒక మూలకు ముడుచుకొని పడియుండుట. లోపల జరుగు పోరు కంటికి కానరాదు. ఆ పోరును గూర్చియే శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

1978 ప్రాంతమున బయటపడిన పార్వో వైరస్ అచిరకాలములోనే దేశదేశములకు ప్రాకినది. అది ప్రేగుల లోపలి పొరను, ఎముకలలోని మూలుగను దెబ్బతీయును. పొర చెడినచోట ప్రేగులలోని సూక్ష్మజీవులు నెత్తురులో చొరబడును. అంతట దేహరక్షక కణములు మేల్కొని రసాయన సంకేతములను వెలువరించును. జ్వరము వచ్చుట, రక్తనాళములు సడలుట, వాని గోడలగుండ ద్రవము స్రవించుట, ఇవన్నియు ఆ సంకేతముల ఫలితములే. వైద్యులు దీనిని శోథమందురు. మితముగా నున్నంతవరకు ఇది రక్షణయే. మితిమీరెనా, ఎలుకమీది కోపమున ఇల్లు తగులబెట్టుకొన్నట్లగును.

ఆ మంటపై నీరు చల్లునది కార్టిసాల్ అను హార్మోను. శోథ సంకేతములు మెదడును తట్టగా, దాని అడుగుననున్న పీయూషగ్రంథి ఉత్తరువు పంపును. మూత్రపిండముల దాపుననున్న అధివృక్కగ్రంథులు కార్టిసాల్‌ను విడుచును. అది రక్తపుపోటును నిలుపును, నెత్తురులో చక్కెర పడిపోకుండ కాచును, శోథమును అదుపుచేయును.

అట్లయిన కార్టిసాల్ హెచ్చుగానున్న పిల్లయే బ్రతుకవలెను గదా! దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్యులు పార్వో సోకిన 57 కుక్కపిల్లలను పరీక్షించి 2007లో ప్రకటించిన విషయము ఇందుకు విరుద్ధముగా నున్నది. ఆసుపత్రిలో చేర్చిన 24, 48 గంటలకు చూడగా, చనిపోయిన పిల్లలలోనే కార్టిసాల్ హెచ్చుగను, థైరాక్సిన్ తక్కువగను ఉన్నవి. కార్టిసాల్ వానిని చంపినదని దీని భావము కాదు. వ్యాధి ఎంత తీవ్రమో గ్రంథులకంత పని పడినదని మా తలంపు.

చిత్రమేమన, అదే సంవత్సరము అమెరికాలో, సూక్ష్మజీవుల విషము ఒడలెల్ల వ్యాపించిన కుక్కలలో మరియొక సంగతి తేలినది. పీయూషగ్రంథి ఉత్తరువువంటి మందును సూదితో ఎక్కించి చూడగా, కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాములకు మించి పెరుగని కుక్కలే ఎక్కువగా మరణించినవి. కావున నెత్తురులో నెంతయున్నదను లెక్క యొక్కటి చాలదు. గ్రంథికి ఇంకను శక్తి మిగిలియున్నదా యని చూడవలెను.

ఇంటిలో మిగిలిన స్టీరాయిడు మాత్రను పొడిచేసి కుక్కపిల్లకు మ్రింగించువారు కలరు. ఈ తొందర పనికిరాదు; అది సూక్ష్మజీవులతో పోరాడు శక్తిని కుంటుపరచును. వైద్యుడు మొదట నెక్కించునది సెలైన్. ద్రవముతోను, పోటు పెంచు మందులతోను రక్తపుపోటు నిలువనప్పుడే హైడ్రోకార్టిసోన్‌ను, అదియు స్వల్పమాత్రలో, యోచించును.