డబ్బాలో తడిగుడ్డ

తడిగుడ్డను మొట్టమొదట వాడిందెవరో చెప్పలేం. దాన్ని పొట్లంలో పెట్టి అమ్మిందెవరో మాత్రం చెప్పగలం. ఆయన పేరు ఆర్థర్ జూలియస్, అమెరికాలో సౌందర్య సాధనాల రంగంలో పనిచేసిన మనిషి. 1957లో న్యూయార్క్ మన్‌హాటన్‌లోని ఒక పై అంతస్తులో, సబ్బును భాగాలుగా చేసే యంత్రాన్ని పెట్టుకుని దాన్ని తన అవసరానికి తగ్గట్టు మార్చుకున్నాడు. మరుసటి ఏడాది ‘వెట్-నాప్’ అన్న పేరును రిజిస్టరు చేయించాడు. ఒక మెకానిక్‌ను తోడు పెట్టుకుని సరుకుకు మెరుగులు దిద్ది, 1960లో షికాగోలో జరిగిన రెస్టారెంట్ల ప్రదర్శనలో నలుగురికీ చూపించాడు. 1963లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ వ్యాపారి కల్నల్ శాండర్స్‌కు అమ్మడం మొదలుపెట్టాక దాని దశ తిరిగింది. ఆయన చికెన్ కొన్నవాళ్ళకు కోడి ముక్కలతోపాటు ఈ పొట్లం కూడా అందింది. చేత్తో పట్టుకు తినే తిండి, చెయ్యి కడుక్కోను కుళాయి ఉండని కారు సీటు. రెండింటి మధ్యా ఆ చిన్న తడి కాగితం చక్కగా ఇమిడిపోయింది.

హైదరాబాద్ హోటళ్ళలో బిర్యానీ తిన్నాక గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మచెక్క వేసి తెస్తారే, ఆ గిన్నె చేసే పనే ఇదీ చేస్తుంది. కాకపోతే గిన్నెకు బల్ల కావాలి, తెచ్చిపెట్టే మనిషి కావాలి. పొట్లానికి జేబు చాలు.

ఇందులో కనిపెట్టడానికేముంది అనిపించడం సహజం. గుడ్డ, నీళ్ళు, డబ్బా, అంతేగా! కానీ మూడింటినీ ఒక్కచోట చేర్చి నెలల తరబడి అలాగే ఉంచాలంటేనే వస్తుంది తంటా. కాగితం తడిస్తే చిరుగుతుంది. తడిని వదిలేస్తే ఆరుతుంది. ఆరకుండా మూసిపెడితే కుళ్ళుతుంది. ఇంట్లో ఇలాంటి తడిగుడ్డలు (వైప్స్) చేసుకోవాలనుకునేవాళ్ళకూ ఈ మూడు చిక్కులూ తప్పవు గనక, కంపెనీలు వాటిని ఎలా విప్పుకున్నాయో చూడటం దండగ కాదు.

ముందు చిరుగుడు సంగతి. కాగితంలోని సెల్యులోజ్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది ఎక్కువగా హైడ్రోజన్ బంధాలతో. నీరు చొరబడగానే ఆ పట్టు సడలిపోతుంది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో టాయిలెట్ పేపరు, రెండోదాంట్లో కిచెన్ టవల్ ముక్క వేసి చెంచాతో గిరగిరా తిప్పి చూడండి. మొదటి గ్లాసులో పోగులు విడిపోయి నీళ్ళు తెల్లగా చిక్కబడతాయి. రెండో గ్లాసులోని ముక్కను తీసి, పిండి, తీగ మీద ఆరేసుకోవచ్చు. రెండూ కాగితాలే. తేడా ఎక్కువగా పాలీఅమైడ్-ఎపిక్లోరోహైడ్రిన్ అనే రెజిన్‌లో ఉంది. అమెరికాలోని హెర్క్యులెస్ పౌడర్ కంపెనీలో పనిచేసిన గెరాల్డ్ కీమ్ పేరిట 1960లో దీని పేటెంట్లు వచ్చాయి. గుజ్జులో కాసింత కలిపితే చాలు, కాగితం ఆరే వేడికి అది పోగుల మధ్య నీటికి లొంగని బంధాలు వేస్తుంది.

అమెరికా తల్లులు పిల్లల కోసం ఇంట్లోనే వైప్స్ చేసుకోగలిగింది ఈ రెజిన్ పుణ్యానే. వాళ్ళ పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. మందపాటి కిచెన్ టవల్ చుట్టను, పళ్ళున్న బ్రెడ్ కత్తితో అడ్డంగా రెండు సగాలు చేస్తారు. ఒక సగాన్ని గుండ్రటి డబ్బాలో నిలబెట్టి, నీళ్ళలో కొంచెం బేబీ షాంపూ, బేబీ ఆయిల్ కలిపి పైనుంచి పోస్తారు. చుట్ట తడి పీల్చుకునేసరికి నడిమి అట్టగొట్టం కూడా మెత్తబడుతుంది. దాన్ని రెండు వేళ్ళతో మెలిపెట్టి లాగితే మొత్తంగా ఊడి వస్తుంది, దాని వెంటే లోపలి పొర కొస కూడా. ఆ కొసను మూతకు పెట్టిన కంతలోంచి పైకి తీస్తే, ఇక లాగినకొద్దీ ఒక్కో ముక్కా తెగి చేతికొస్తుంది. బజార్లో దొరికే డబ్బా కూడా చాలావరకు ఈ ఏర్పాటే.

కంపెనీలు కాగితం దగ్గర ఆగలేదు. 1970ల్లో డ్యూపాంట్ లాంటి సంస్థలు నేత లేని బట్టను నీటితో తయారుచేయడం మొదలుపెట్టాయి. మగ్గం ఉండదు, పడుగూ పేకా ఉండవు, జిగురు కూడా అక్కర్లేదు. దువ్వి పరిచిన పోగుల పొర మీదికి, మిల్లీమీటరులో పదో వంతు వెడల్పుండే రంధ్రాల్లోంచి, వాతావరణ పీడనానికి వంద రెట్లో అంతకు మించో ఒత్తిడితో నీటి ధారలు కొడతారు. ఆ ధారలు సూదుల్లా దిగి పోగుల్ని కిందికీ పైకీ తోసి మెలేస్తాయి. ఆరాక చూస్తే బట్ట! ఈనాటి వైప్‌ను వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి చారలు వరసగా కనిపిస్తుంటాయి, చాలావాటిలో అవి ఆ నీటి ధారలు వదిలిన జాడలే.

ఆరిపోవడమనే చిక్కు తేలిగ్గానే తీరింది. పొట్లం లోపలి అల్యూమినియం రేకు ఆవిరిని బయటికి పోనివ్వదు. పెద్ద డబ్బాలకు బిగుతైన మూత సరిపోతుంది. ఇంట్లో చేసుకున్నవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది, నీళ్ళన్నీ అడుక్కు దిగిపోయి పైన ఉన్నవి పొడిబారతాయి. అప్పుడప్పుడూ డబ్బాను కాసేపు తలకిందులు చేసి పెడితే సరి.

అసలు కష్టమంతా కుళ్ళకుండా ఉంచడంలో ఉంది. తడి, గది వేడి, మూసిన డబ్బా, కాసింత సబ్బు: సూక్ష్మజీవులకు ఇంతకన్నా ఏం కావాలి? ఏడాది పాటు అంగడి అరల్లో ఉండాల్సిన వైప్‌లో నిల్వ రసాయనం వేయక తప్పదు. చాలాకాలం అందుకు వాడిన వాటిలో మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఒకటి. దానివల్ల చర్మానికి అలర్జీలు ఎంతగా పెరిగాయంటే, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దానికి ‘ఈ ఏటి అలర్జీ కారకం’ అని బిరుదు కట్టబెట్టింది. ఒంటికి రాసుకుని కడగకుండా వదిలేసే సౌందర్య సాధనాల్లో దాన్ని ఐరోపా సమాఖ్య ఆ తర్వాత నిషేధించింది. ఇంట్లో వైప్స్ చేసుకుందామన్న ఆలోచన కొందరికి ఇలాంటి వార్తలు చదివాకే పుట్టి ఉండొచ్చు.

అయితే రసాయనం వద్దనుకున్నవాళ్ళు సూక్ష్మజీవులతో తామే తలపడాలి. జర్మనీ పరిశోధకులు అక్కడి ఆసుపత్రుల్లో వాడే వైప్స్ బకెట్లను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. క్రిములను చంపడానికి పోసిన ద్రావణంలోనే బ్యాక్టీరియా పెరుగుతున్న బకెట్లు బయటపడ్డాయి. బకెట్‌ను సరిగ్గా శుభ్రం చేయకుండా మళ్ళీ మళ్ళీ నింపుతూ పోతే లోపలి గోడకు జిగట పొర కడుతుంది. ఆ పొర చాటున బతికే జీవులు మందుకు అలవాటు పడిపోతాయి. ఆసుపత్రిలోనే ఇలా అయితే మన వంటింటి డబ్బా మాట చెప్పేదేముంది!

ఇక క్రిమిసంహారం. 1935లో జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ (సల్ఫా మందులకు నోబెల్ పొందినది ఈయనే) బెంజాల్కోనియం క్లోరైడ్‌కు క్రిముల్ని చంపే గుణముందని వెల్లడించాడు. దాని అణువుకు ఒక కొసన ధన విద్యుదావేశం, రెండో కొసన పొడుగాటి కొవ్వు తోక ఉంటాయి. బ్యాక్టీరియా పొరకు రుణావేశం గనక అణువు పోయి అంటుకుని, తోకను లోపలికి దింపి పొరను చీలుస్తుంది. 2000లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన క్లోరాక్స్ వైప్స్ పనిచేసేది ఈ కుటుంబపు రసాయనాలతోనే. బ్లీచ్‌తో పేరు తెచ్చుకున్న కంపెనీ వైప్స్‌లో బ్లీచ్ ఉండదు! ఉంటే నిల్వలో దాని బలమూ తగ్గుతుంది, పోగులూ పాడవుతాయి.

ఇంటి తయారీదారుల కాళ్ళకు తగిలే రాయి ఇక్కడే ఉంది. నూలు పోగుకు కూడా రుణావేశమే. నేల తుడిచే క్రిమిసంహారక ద్రావణాల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. అందులో పాత నూలు గుడ్డ నానబెడితే, క్రిమిని పట్టుకోవాల్సిన మందును గుడ్డే పట్టేసుకుంటుంది. బల్ల మీదికి వచ్చేది చాలావరకు వాసన నీళ్ళే. పోనీ నురగ రావాలని సబ్బు కూడా కలిపారా, ఎదురెదురు ఆవేశాల సబ్బు, మందు ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుంటాయి. కంపెనీ వైప్స్‌లోకి పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ వచ్చి చేరడానికి ధర, గట్టిదనంతోపాటు ఈ ఆవేశాల గొడవ కూడా కారణమే.

ఆ ప్లాస్టిక్కే తర్వాత మురుగు కాలువల్లో తేలింది. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద కొవ్వు, వైప్స్ కలిసి గడ్డకట్టిన ముద్ద పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాని ముక్కను మరుసటి ఏడాది మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. టాయిలెట్ పేపరు నీళ్ళలో విడిపోవడం ఎంత గొప్ప గుణమో లండన్ వాసులకు అప్పుడు తెలిసొచ్చింది.

ఇంతకీ ఇంట్లో చేసుకోవచ్చా? నిక్షేపంలా చేసుకోవచ్చు. కంపెనీ తిప్పలన్నీ ఏడాది నిల్వ కోసం, మనకు ఆ అవసరం లేదు. కాగితం కన్నా పాత నూలు చీర మేలు. జానెడు చదరాలుగా కత్తిరించి, అంచులు కుట్టి, వాడాక ఉడికించి ఎండలో వేస్తే ఏళ్ళ తరబడి పనికొస్తాయి. గట్టుకూ బల్లకూ మామూలు మురికే గనక, మరిగించి చల్లార్చిన లీటరు నీళ్ళలో అర చెంచా గిన్నెల లిక్విడ్ చాలు. కుంకుడు రసంలోని సాపోనిన్లు కూడా జిడ్డును వదలగొడతాయి గానీ అది తొందరగా పులుస్తుంది, తెల్లటి వాటి మీద మరక వేస్తుంది. అందులో గుడ్డలు నిల్వ ఉంచాలనుకోవడం తెలివైన పని కాదు.

వెనిగర్ వైప్స్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బజార్లో దొరికే తెల్ల వెనిగర్‌లో 4, 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది. సగానికి సగం నీళ్ళు కలిపితే అద్దాలకు, కుళాయిల మీది ఉప్పునీటి చారలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ మన ఇళ్ళలో చాలాచోట్ల పరిచేవి తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు. అవి సున్నపురాళ్ళు, పాలరాయిలోనూ కాల్షియం కార్బొనేటే ఉంటుంది. ఆమ్లం తగిలితే రాయి కరిగి నునుపు పోతుంది, ఆ మచ్చ ఎంత తోమినా వదలదు. విదేశీ చిట్కాల్లో మన నాపరాయి ప్రస్తావన ఎక్కడుంటుంది? వెనిగర్‌లో వంటసోడా కలిపే చిట్కా కూడా దండగమారిదే, బుస్సున పొంగాక మిగిలేది ఎక్కువగా సోడియం అసిటేట్ కలిసిన నీళ్ళు.

ఇంట్లో జబ్బు మనిషి ఉండి క్రిములను చంపాల్సి వస్తే, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నమ్మదగింది. నూలు దాన్ని పట్టేసుకోదు. ఆ 30 శాతం నీళ్ళు ఉండితీరాలి, ప్రొటీన్లు విరగడానికి నీరు తోడు కావాలి. గాజు సీసాలో బిగించి పొయ్యికీ పిల్లలకూ దూరంగా పెట్టండి, మంట దగ్గర వాడకండి. బ్లీచ్‌తో అయితే నిల్వ మాటే వద్దు, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. దాన్ని వెనిగర్‌తో గానీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండే టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఏ మందైనా, తుడిచీ తుడవగానే పొడిగుడ్డతో ఒత్తేస్తే పని జరగదు. లేబుల్ మీద రాసినంతసేపు, కొన్నింటికి నాలుగు నిమిషాల దాకా, ఆ చోటు తడిగా ఉండాలి. సబ్బు నీళ్ళ డబ్బా మీద మార్కరుతో తారీఖు వేయండి. రెండు రోజులు దాటితే నీళ్ళు పారబోసి, గుడ్డలు ఉడికించి, డబ్బాను మరిగే నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపండి. కాగితంతో చేసుకుంటే వాడినవాటిని చెత్తబుట్టలోనే వేయండి, టాయిలెట్‌లో వద్దు.