అంకుల్: బ్యాండ్ కాని బ్యాండ్

అంకుల్ అనగానే మనకి పక్కింటాయనో, బస్సులో సీటు జరగమనే పెద్దాయనో గుర్తొస్తారు. నేను చెప్పే అంకుల్ లండన్‌లో పుట్టిన ఒక మ్యూజిక్ ప్రాజెక్ట్. స్పెల్లింగ్‌లో సి బదులు కె ఉంటుంది, అంతే తేడా.

దీన్ని నడిపింది జేమ్స్ లావెల్. 1992లో మో వాక్స్ అనే రికార్డ్ లేబుల్ పెట్టేటప్పటికి అతని వయసు 18. ఆ వయసులో మనం ఎంసెట్ ర్యాంక్‌కి ఏ బ్రాంచ్ వస్తుందా అని లెక్కలు వేసుకుంటున్నాం!

ముందు ట్రిప్ హాప్ అంటే ఏంటో చూద్దాం. హిప్ హాప్ డ్రమ్స్‌ని నెమ్మది చేసి, వాటి మీద పాత సినిమా సంగీతం, జాజ్ ముక్కలు, ఎకోలు పరిచితే వచ్చేది. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే సంగీతం అన్నమాట. బ్రిస్టల్ నగరంలో మాసివ్ అటాక్ 1991లోనే ఇలాంటిది చేసింది. ఆ పేరు మాత్రం 1994లో మిక్స్‌మ్యాగ్ పత్రికలో వచ్చింది, మో వాక్స్ విడుదల చేసిన డీజే షాడో పాట గురించి రాస్తూ.

ఈ షాడోది కాలిఫోర్నియా. 1996లో పాత రికార్డుల నుంచి తీసిన ముక్కలతోనే ఒక ఆల్బమ్ మొత్తం కట్టాడు. వాడిన ముఖ్యమైన యంత్రం ఎంపీసీ 60 అనే శాంప్లర్. సీఎస్ఈ వాళ్ళకి నచ్చే భాగం ఇదే. ఆ యంత్రం సెకనుకి 40,000 శాంపిల్స్ తీసుకుని, ఒక్కోదాన్ని 12 బిట్లలో దాస్తుంది. మామూలు మెమరీలో పట్టేది దాదాపు 13 సెకన్ల శబ్దం. మన వాట్సాప్ వాయిస్ మెసేజ్ కూడా పట్టదు!

అందుకే అప్పటి శాంప్లర్ల వాళ్ళకి ఒక ట్రిక్ ఉండేది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 స్పీడ్‌లో తిప్పి రికార్డ్ చేసుకుని, తర్వాత నెమ్మది చేసేవాళ్ళు. 13 సెకన్లలో 17 సెకన్ల పాట పట్టేస్తుంది. కానీ నెమ్మది చేశాక శాంపిల్ రేటు దాదాపు 29,600కి పడిపోతుంది కాబట్టి, నైక్విస్ట్ లెక్క ప్రకారం 14,800 హెర్ట్జ్ పైన ఉన్న మెరుపంతా పోతుంది. మిగిలేది కొంచెం మసకగా, బరువుగా ఉండే శబ్దం. ఇప్పుడు మనం డబ్బులిచ్చి ప్లగిన్‌లు కొనుక్కునేది ఆ మసక కోసమే.

1998లో లావెల్, షాడో కలిసి అంకుల్ మొదటి ఆల్బమ్ 'సైన్స్ ఫిక్షన్' తెచ్చారు. సంగీతం కట్టింది ఎక్కువగా షాడో. రేడియోహెడ్ థామ్ యార్క్‌ని, ద వర్వ్ రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌ని, ర్యాపర్ కూల్ జీ ర్యాప్‌ని ఒకే ఆల్బమ్‌లో కూర్చోబెట్టింది లావెల్. కవర్ బొమ్మ న్యూయార్క్ గ్రాఫిటీ ఆర్టిస్ట్ ఫ్యూచురాది.

మరి లావెల్ చేసిందేంటి? "టీమ్ లీడర్ అంటే పీపీటీ చేసేవాడేగా" అని మా రూమ్మేట్ నవ్వాడు. నేను ఒప్పుకోను. ఎవరి గొంతు ఏ బీట్ మీద కూర్చుంటుందో ముందే ఊహించడం కూడా పనే. మనం రాసే కోడ్‌లో సగం ఎవరో రాసిన లైబ్రరీలే కదా, ఏది ఎక్కడ కలపాలో తెలియడమే మన వంతు. కాకపోతే ఒక షరతు: ఎవరి పని ఎంతో అందరికీ కనపడాలి. ఆ ఆల్బమ్ తర్వాత షాడో వెళ్ళిపోయాడు, లావెల్ వేరేవాళ్ళతో కొనసాగించాడు. పేరు ఒకరితో ఉండి, చేతులు మారుతూ ఉంటే "ఇది ఎవరిది?" అనే ప్రశ్న వదలదు. రేపు మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లోనూ అదే ప్రశ్న వస్తుంది.

వినడం మొదలుపెట్టాలంటే 'రాబిట్ ఇన్ యువర్ హెడ్‌లైట్స్' వీడియోతో మొదలుపెట్టండి. దర్శకుడు జొనాథన్ గ్లేజర్. సొరంగంలో ఒకాయన తనలో తాను ఏదో గొణుక్కుంటూ నడుస్తుంటాడు, కార్లు వచ్చి గుద్దుతుంటాయి. చివర్లో ఏమవుతుందో నేను చెప్పను. లైట్లు ఆపి చూడండి.